27 అంగుళాల 1440పీ మానిటర్‌కు ఏ గ్రాఫిక్స్ కార్డు తీసుకోవాలి?

సప్తగిరి_అనంత (అనంతపురం):

అందరికీ నమస్కారం. మా ఇంట్లో ఉన్న ఒకే కంప్యూటర్‌ను నేనూ మా అన్నయ్యా ఇద్దరమూ వాడుకుంటాము. పగలు అన్నయ్య దాని మీద పెళ్లి వీడియోలు ఎడిట్ చేస్తాడు; రాత్రి కాలేజీ పనులు ముగిశాక నేను ఆటలు ఆడుకుంటాను. ప్రాసెసర్ ఐ5-12400ఎఫ్, మదర్‌బోర్డు బీ660, ర్యామ్ 16 జీబీ, గ్రాఫిక్స్ కార్డు 4 జీబీ జీటీఎక్స్ 1650, మానిటర్ 24 అంగుళాల ఫుల్ హెచ్‌డీ (1080పీ), 75 హెర్ట్జ్. పవర్ సప్లై మాత్రం కేబినెట్‌తో కలిపి ఇచ్చిన 450 వాట్లది. దాని మీద పేరున్న కంపెనీ ముద్ర ఏదీ లేదు.

పెళ్లిళ్ల సీజన్ మొదలయ్యేలోపు మానిటర్‌నూ గ్రాఫిక్స్ కార్డునూ మార్చాలని మొత్తం 70 వేల రూపాయలు సర్దుకున్నాము. ఇక్కడ ఒక దుకాణంలో అడిగితే, ఎలాగూ వీడియోలన్నీ 4కేలోనే తీస్తున్నారు గనుక 32 అంగుళాల 4కే మానిటర్ తీసుకుని దానికి 8 జీబీ ఆర్‌టీఎక్స్ 5060 వేసుకుంటే సరిపోతుందని చెప్పారు. బెంగళూరులో పనిచేస్తున్న మిత్రుడేమో పాత మానిటర్‌నే ఉంచుకుని డబ్బంతా కార్డు మీద పెట్టమంటున్నాడు. నా మనసు 27 అంగుళాల 1440పీ, 165 హెర్ట్జ్ మానిటర్ మీద ఉంది. నేను ఎక్కువగా ఆడేది వాలరెంట్, అప్పుడప్పుడు సైబర్‌పంక్ 2077 వంటి పెద్ద ఆటలు.

ఈ మూడు దారుల్లో మాకు తగినది ఏది? 1440పీ తెరకు 8 జీబీ కార్డు సరిపోతుందా, లేక 16 జీబీయే కావాలా? పవర్ సప్లైని కూడా మార్చక తప్పదా? అనుభవం ఉన్నవారు కాస్త వివరంగా చెబితే అన్నయ్యకు కూడా చదివి వినిపిస్తాను.

హంద్రీ_తీరం (కర్నూలు):

సప్తగిరి గారూ, ముందు మానిటర్ నిర్ణయించుకోండి, ఆ తర్వాతే కార్డు గురించి ఆలోచించండి. చాలామంది దీన్ని తలకిందులుగా చేస్తారు: చేతిలో ఉన్న డబ్బుతో దొరికే అతి పెద్ద కార్డు కొని, దాన్ని ఏదో ఒక తెరకు తగిలిస్తారు. కార్డు ఎంత పని చేయవలసి వస్తుందో నిర్ణయించేది తెరే కాబట్టి, తెర ఏదో తేలకుండా ఏ కార్డు మంచిదని అడిగితే ఎవరూ సరైన జవాబు చెప్పలేరు.

ఒక చిన్న లెక్క చూద్దాం. ఫుల్ హెచ్‌డీ తెర మీద 1920×1080, అంటే 20,73,600 పిక్సెళ్లు ఉంటాయి. 1440పీ తెర మీద 2560×1440, అంటే 36,86,400. 4కే తెర మీద 3840×2160, అంటే 82,94,400. ఫుల్ హెచ్‌డీ కంటే 1440పీ దాదాపు 1.78 రెట్లు, 4కే సరిగ్గా 4 రెట్లు. అయితే లెక్క ఇక్కడితో ఆపితే పొరపాటు పడతాము, ఎందుకంటే కార్డు ఒక్క బొమ్మ గీసి ఊరుకోదు, సెకనుకు ఎన్ని బొమ్మలు గీయాలన్నది కూడా దాని మీదే పడుతుంది. మీ ఇప్పటి తెర 75 హెర్ట్జ్ నిండాలంటే సెకనుకు దాదాపు 15.5 కోట్ల పిక్సెళ్లు చాలు. 60 హెర్ట్జ్ 4కే తెర నిండాలంటే 49.8 కోట్లు కావాలి. మీరు కోరుకుంటున్న 165 హెర్ట్జ్ 1440పీ తెర నిండాలంటే 60.8 కోట్లు కావాలి. అంటే 1440పీని పూర్తి వేగంతో నడపడం 60 హెర్ట్జ్ 4కేని నడపడం కంటే బరువైన పని. రిజల్యూషన్ (తెర మీది పిక్సెళ్ల సంఖ్య) ఒక్కటే చూసి, రిఫ్రెష్ రేటు (తెర సెకనుకు ఎన్నిసార్లు బొమ్మ మార్చుతుందో చెప్పే హెర్ట్జ్ సంఖ్య) పక్కన పెట్టి కార్డు ఎంచుకునేవారికి ఈ సంగతి తెలియక నిరాశ ఎదురవుతుంది.

దీన్ని చూసి మీరు భయపడనక్కరలేదు. పిక్సెళ్లు 4 రెట్లయినంత మాత్రాన ఫ్రేములు (కార్డు సెకనుకు గీసే బొమ్మలు) నాలుగో వంతుకు పడిపోవు; ప్రతి ఫ్రేములోనూ పిక్సెళ్ల సంఖ్యతో సంబంధం లేని పని కొంత ఉంటుంది. పైగా ప్రతి ఆటలోనూ 165 ఫ్రేములు రావలసిన అవసరమే లేదు. ఇప్పటి మానిటర్లలో ఫ్రీసింక్ దాదాపు అన్నింటిలోనూ ఉంటోంది. కార్డు ఎన్ని ఫ్రేములు ఇస్తే తెర ఆ వేగానికే తన రిఫ్రెష్‌ను సర్దుకుంటుంది. 2019 జనవరి నుంచి ఎన్విడియా కార్డులు కూడా ఆ తెరలతో కలిసి పనిచేస్తున్నాయి. అందువల్ల వాలరెంట్‌లో 165 దాటినా, పెద్ద ఆటలో 80 దగ్గర తిరిగినా, రెండూ కంటికి సాఫీగానే ఉంటాయి.

ఇక దుకాణంవారి సలహా విషయం. 4కే తెరకు 8 జీబీ కార్డు వద్దని గట్టిగానే చెబుతాను. కొత్త పెద్ద ఆటల్లో టెక్స్చర్లను (వస్తువుల పైభాగాన అతికించే బొమ్మలను) అత్యధికంగా పెడితే కొన్ని ఫుల్ హెచ్‌డీలోనే 8 జీబీని నింపేస్తున్నాయి. కార్డు మెమొరీ నిండినప్పుడు మిగిలిన సరుకు మదర్‌బోర్డు మీది ర్యామ్ నుంచి, కార్డునూ బోర్డునూ కలిపే పీసీఐఈ అనే దారిలో రావాలి. ఆ దారి కార్డు సొంత మెమొరీ కంటే చాలా నెమ్మది. బోరు ఎండిపోయి ట్యాంకర్ కోసం ఎదురుచూసినట్టు ఆట మధ్యమధ్యలో ఆగి ఆగి నడుస్తుంది, లేదా గోడల మీద రాతలు, బట్టల మీద నేత అలికినట్టు కనిపిస్తాయి. సగటు ఫ్రేముల సంఖ్య చూస్తే ఈ లోపం బయటపడదు. రివ్యూలు చూసేటప్పుడు సగటుతో పాటు 1 శాతం కనిష్ఠం (అతి నెమ్మదైన 1 శాతం ఫ్రేముల వేగం) అని ఇచ్చే సంఖ్యను తప్పక చూడండి. కుదుపులు అక్కడే తెలుస్తాయి.

1440పీకి 8 జీబీ అసలే చాలదా అంటే, ఈరోజుకు టెక్స్చర్లు ఒక మెట్టు తగ్గించుకుంటే నడుస్తుంది. కానీ మీరు ఈ కార్డును నాలుగైదేళ్లు వాడాలనుకుంటే 12 జీబీకి తగ్గవద్దు, వీలైతే 16 జీబీ తీసుకోండి. ఇక్కడ ఒక జాగ్రత్త ఉంది. ఎన్విడియా వారి ఆర్‌టీఎక్స్ 5060 టీఐ, ఏఎండీ వారి ఆర్‌ఎక్స్ 9060 ఎక్స్‌టీ రెండూ 8 జీబీతోనూ 16 జీబీతోనూ అదే పేరు మీద అమ్ముడవుతున్నాయి. పేరు మాత్రమే చెప్పి ధర తక్కువని తీసుకొస్తే చేతికి 8 జీబీది రావచ్చు. పెట్టె మీద మెమొరీ ఎంతో చదివి, బిల్లులో కూడా దాన్ని రాయించుకోండి.

డీఎల్‌ఎస్‌ఎస్, ఎఫ్‌ఎస్‌ఆర్ గురించి కూడా తెలుసుకుంటే మీ నిర్ణయం సులువవుతుంది. ఇవి ఆటను తక్కువ రిజల్యూషన్‌లో గీసి, దాన్ని తెర పరిమాణానికి పెంచే పద్ధతులు. 1440పీ తెర మీద డీఎల్‌ఎస్‌ఎస్‌ను క్వాలిటీ అనే సెట్టింగులో పెడితే కార్డు లోపల గీసేది 1707×960 మాత్రమే, అంటే ఫుల్ హెచ్‌డీ కంటే తక్కువ పిక్సెళ్లు. పెంచే పనికి కొంత ఖర్చు ఉన్నా, కంటికి కనిపించే బొమ్మ మాత్రం మామూలు ఫుల్ హెచ్‌డీ కంటే స్పష్టంగా ఉంటుంది. నేను 1440పీని ఇంత ధైర్యంగా సమర్థించడానికి ఇదే ముఖ్య కారణం. ఫుల్ హెచ్‌డీ తెర మీద ఇదే పద్ధతి వాడితే లోపల గీసేది 1280×720కి దిగిపోతుంది; అప్పుడు దూరపు చెట్ల ఆకులు, తీగలు, కంచెలు మెరుస్తూ కదిలినట్టు కనిపిస్తాయి. ఫ్రేమ్ జనరేషన్ వేరే సంగతి. అది అసలు ఫ్రేముల మధ్య కొత్త ఫ్రేములను కల్పించి సంఖ్యను పెంచుతుంది గానీ మౌస్ కదిపినప్పుడు వచ్చే స్పందనను వేగవంతం చేయదు. అసలు ఫ్రేములు 60 దగ్గర ఉన్నప్పుడే దాన్ని వాడండి. కార్డుల ప్రకటనల్లో రెట్లు రెట్లుగా చూపించే సంఖ్యల్లో ఇవి కలిసి ఉంటాయి, వాటిని తీసేసి పోల్చుకోవాలి.

కొనే ముందు ఇంట్లోనే ఒక పరీక్ష చేయవచ్చు. ఎన్విడియా కంట్రోల్ ప్యానెల్‌లో డీఎస్‌ఆర్ ఫ్యాక్టర్స్ అనే చోట 1.78 రెట్లు ఎంచుకుంటే, మీ 1080పీ తెర మీదే ఆటలో 2560×1440 ఎంపిక కనిపిస్తుంది. కార్డు నిజంగా అన్ని పిక్సెళ్లూ గీసి, వాటిని మీ తెరకు కుదించి చూపిస్తుంది. ఆఫ్టర్‌బర్నర్ అనే సాఫ్ట్‌వేర్‌తో జీపీయూ (కార్డు మీది ప్రధాన చిప్పు) వాడకం శాతాన్నీ, మెమొరీనీ తెర మూలన పెట్టుకుని రెండు రిజల్యూషన్లలోనూ ఆడి చూడండి. జీపీయూ వాడకం 97 శాతం పైన ఉంటే భారం కార్డు మీద ఉందని, చాలా తక్కువగా ఉండి ఫ్రేములు పెరగకపోతే ప్రాసెసర్ అడ్డుపడుతోందని అర్థం. ఫలితాలు ఇక్కడ రాస్తే మిగతాది చెబుతాను.

పాలకొండ_కడప (కడప):

తమ్ముడూ, హంద్రీ గారు చెప్పిన లెక్క సరైనదే. నాది కూడా మీ అన్నయ్య పనే కాబట్టి ఎడిటింగ్ వైపు నుంచి నాలుగు మాటలు చెబుతాను.

4కే వీడియో తీస్తున్నంత మాత్రాన 4కే తెర ఉండి తీరాలన్నది నిజం కాదు. ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో ప్రివ్యూ విండో తెరలో మూడో వంతో సగమో ఆక్రమిస్తుంది. మిగతా చోటంతా టైమ్‌లైన్‌కూ, క్లిప్పుల పట్టికకూ, రంగుల పరికరాలకూ పోతుంది. కాబట్టి పనిచేసేటప్పుడు 4కే తెర మీద కూడా మీరు 4కే బొమ్మను పూర్తిగా చూడరు. ఎడిటర్‌కు నిజంగా కావలసింది టైమ్‌లైన్ పరచుకోవడానికి చోటు, నమ్మదగిన రంగు. 24 అంగుళాల ఫుల్ హెచ్‌డీ నుంచి 27 అంగుళాల 1440పీకి మారితే ఆ చోటు వెంటనే తెలుస్తుంది. మానిటర్ కొనేటప్పుడు ఐపీఎస్ (పక్క నుంచి చూసినా రంగు పెద్దగా మారని రకం) ప్యానెలేనా, ఎస్‌ఆర్‌జీబీ అనే ప్రామాణిక రంగుల పరిధిని పూర్తిగా చూపిస్తుందా అన్నవి అడగండి. పెళ్లికూతురి పట్టుచీర ఎరుపు తెర మీద ఒకలా, ఆల్బమ్‌లో మరొకలా వస్తే మాట పడేది మీ అన్నయ్యే.

తెర పరిమాణం గురించి ఒక మాట. 27 అంగుళాల తెరను ఫుల్ హెచ్‌డీలో మాత్రం ఎవరూ కొనవద్దు. అంగుళానికి 82 పిక్సెళ్లే పడతాయి. 24 అంగుళాల ఫుల్ హెచ్‌డీలో 92, 27 అంగుళాల 1440పీలో 109 పడతాయి. చేతి దూరంలో కూర్చుని తెలుగు చదివేవారికి ఈ తేడా ఇంగ్లీషు చదివేవారి కంటే ముందే తెలుస్తుంది. శుభలేఖ పేర్లను చిన్న అక్షరాల్లో టైటిల్‌గా వేసినప్పుడు క్ష కింద ణ వత్తు, త్స్య వంటి జంట వత్తులు ఫుల్ హెచ్‌డీ తెర మీద ముద్దగా అతుక్కుపోతాయి, 1440పీలో విడివిడిగా కనబడతాయి. 32 అంగుళాల 4కేలో అంగుళానికి 138 పిక్సెళ్లు పడతాయి గానీ, అక్కడ విండోస్ స్కేలింగ్‌ను పెంచకపోతే మెనూలు చదవలేము. 150 శాతానికి పెంచితే టైమ్‌లైన్‌కు దొరికే చోటు మళ్లీ 1440పీకి సమానమే అవుతుంది.

కార్డు ఎంపికలో మీ అన్నయ్య కెమెరా ఏ రకంగా రికార్డు చేస్తుందో కూడా చూడాలి. ఇప్పటి మిర్రర్‌లెస్ కెమెరాలు చాలావరకు 10 బిట్, 4:2:2 అనే రంగు పద్ధతిలో తీయగలవు. ఆ వీడియోను నేరుగా విప్పే సౌకర్యం ఆర్‌టీఎక్స్ 50 వరుస కార్డుల్లో ఉంది. ఆర్‌టీఎక్స్ 40 వరుసలో లేదు. మీ ప్రాసెసర్ పేరు చివర ఎఫ్ ఉంది గనుక అందులో ఇంటెల్ సొంత గ్రాఫిక్స్ లేవు. లేకపోతే ఆ పని అదే చేసిపెట్టేది. అందువల్ల అన్నయ్య 4:2:2లో తీస్తుంటే నేను ఆర్‌టీఎక్స్ 5060 టీఐ 16 జీబీ వైపు మొగ్గుతాను. రంగు వివరం తక్కువగా ఉండే 4:2:0లో తీస్తుంటే ఈ తేడా ఉండదు, అప్పుడు 16 జీబీ ఆర్‌ఎక్స్ 9060 ఎక్స్‌టీని కూడా నిశ్చింతగా చూడవచ్చు.

పవర్ సప్లైని మార్చక తప్పదు. జీటీఎక్స్ 1650 75 వాట్లతో సరిపెట్టుకునే కార్డు, అందుకే పేరు లేని ఆ పెట్టె ఇన్నాళ్లు మోసింది. ఆర్‌టీఎక్స్ 5060 టీఐ 180 వాట్లు తీసుకుంటుంది, దానికి ఎన్విడియా సూచించే పవర్ సప్లై 600 వాట్లది. ఆర్‌ఎక్స్ 9060 ఎక్స్‌టీ 16 జీబీ 160 వాట్ల కార్డు. పేరున్న కంపెనీది, 80 ప్లస్ బ్రాంజ్ అనే సామర్థ్య ముద్ర ఉన్న 650 వాట్లది ఒకటి తీసుకుంటే రేపు కార్డు మారినా అదే నిలుస్తుంది. యూపీఎస్ ఉంటే దాన్ని కూడా లెక్కలోకి తీసుకోండి. మామూలుగా ఇళ్లలో ఉండే 600 వీఏ యూపీఎస్ దాదాపు 360 వాట్లే మోస్తుంది. కొత్త కార్డు, ప్రాసెసర్, మానిటర్ అన్నీ కలిసి ఎక్స్‌పోర్ట్ చేసేటప్పుడు దాని అంచుకు చేరతాయి; సరిగ్గా కరెంటు పోయిన క్షణంలో అది చేతులెత్తేస్తే ఆ రెండరింగ్ అంతా మళ్లీ మొదటి నుంచి చేయాలి. 1000 వీఏకు మారడం మంచిది.

మన ఎండల సంగతి వేరే చెప్పనక్కరలేదు. ఏప్రిల్, మే నెలల్లో బయట 42, 43 డిగ్రీలు ఉన్నప్పుడు ఏసీ లేని గదిలో కార్డు వేడి కూడా ఆ మేరకు పెరుగుతుంది, ఎందుకంటే ఫ్యాన్ కార్డు మీదికి తోసేది ఆ గది గాలినే. రివ్యూల్లో చూపించే ఉష్ణోగ్రతలు చల్లని గదుల్లో కొలిచినవి. అందుకని ఒకే చిప్పు ఉన్న రెండు మోడళ్లలో ఒక ఫ్యాన్‌ది కాకుండా రెండు ఫ్యాన్లది ఎంచుకోండి. కేబినెట్ ముందువైపు గాలి పోయే జాలీ, దాని వెనుక తీసి కడుక్కోగల దుమ్ము ఫిల్టర్ ఉన్నాయో లేదో చూడండి. ఫ్రేములను తెర వేగం దగ్గరే ఆపేలా పరిమితి పెట్టుకుంటే వాలరెంట్ వంటి తేలిక ఆటల్లో కార్డు అనవసరంగా వేడెక్కదు. ఆఫ్టర్‌బర్నర్‌లో పవర్ లిమిట్‌ను (కార్డు తీసుకోగల కరెంటు పరిమితిని) 85 శాతానికి తగ్గించినా ఫ్రేములు కొద్దిగానే తగ్గుతాయి, వేడి, ఫ్యాన్ మోత మాత్రం స్పష్టంగా తగ్గుతాయి.

మీ మిత్రుడి సలహాను నేను పూర్తిగా కొట్టిపారేయను. ఈ కంప్యూటర్ మీది ఒక్కరిదే అయి, ఆడేది వాలరెంట్ మాత్రమే అయితే, 24 అంగుళాల 1080పీ, 165 లేదా 180 హెర్ట్జ్ తెరే మీకు మేలని చెప్పేవాణ్ని. ఆ ఆటకు పెద్ద కార్డు అక్కరలేదు, ఎక్కువ భారం ప్రాసెసర్ మీదే పడుతుంది. కానీ ఇద్దరి పనీ ఒకే తెర మీద జరగాలి కాబట్టి మీ మనసులో ఉన్న 1440పీయే సరైనది.

రాజోలి_1080 (ప్రొద్దుటూరు):

చర్చ మధ్యలో వస్తున్నందుకు మన్నించండి, నా ప్రశ్న కూడా దీనికి సంబంధించినదే. నాది పాత ఐ5-9400ఎఫ్, బీ365 బోర్డు. మానిటర్‌ను మార్చే ఆలోచన లేదు, 24 అంగుళాల ఫుల్ హెచ్‌డీయే ఉంచుకుంటాను. ఇదే కార్డులు నా బోర్డులో పనిచేస్తాయా?

హంద్రీ_తీరం (కర్నూలు):

రాజోలి గారూ, పనిచేస్తాయి. కానీ మీ బోర్డు పీసీఐఈ 3.0 తరానిది. ఆర్‌టీఎక్స్ 5060, 5060 టీఐ కార్డులకు 8 లేన్లే (డేటా నడిచే వరుసలే) ఉంటాయి, అందువల్ల మీ బోర్డులో వాటికి దొరికే దారి మరీ ఇరుకవుతుంది. 8 జీబీ కార్డు మెమొరీ నిండినప్పుడు ఆ ఇరుకు బాగా తెలుస్తుంది. ఆర్‌ఎక్స్ 9060 ఎక్స్‌టీకి 16 లేన్లు ఉన్నాయి కాబట్టి పాత బోర్డులకు అది కొంత నయం. ఇంటెల్ ఆర్క్ బీ580 కార్డు 12 జీబీతో ఆకర్షణీయంగా కనిపిస్తుంది గానీ దానికి రీసైజబుల్ బార్ (ప్రాసెసర్ కార్డు మెమొరీ మొత్తాన్నీ ఒకేసారి అందుకునే సౌకర్యం) తప్పనిసరి, పైగా పాత ప్రాసెసర్లతో అది బాగా వెనుకబడుతుంది. మీరు దాని జోలికి వెళ్లవద్దు. ఫుల్ హెచ్‌డీలో ఆరు కోర్ల పాత ప్రాసెసర్ త్వరగా అడ్డుపడుతుంది కాబట్టి, ఇప్పుడు పెద్ద కార్డు కొన్నా దాని సత్తువలో కొంత వృథా అవుతుంది. వాడిన కార్డు దొరికితే 12 జీబీ ఆర్‌టీఎక్స్ 3060 మీ అవసరానికి చాలు, దానికి 16 లేన్లు ఉన్నాయి. కాకపోతే ఎదుట ఆట నడిపించి, ఫ్యాన్లు, వేడి, తెర మీద మచ్చలు చూసుకున్నాకే డబ్బు ఇవ్వండి. వివరంగా మాట్లాడాలనుకుంటే వేరే చర్చ ప్రారంభించండి, అక్కడ తప్పక రాస్తాను.

సప్తగిరి_అనంత (అనంతపురం):

ఇద్దరు పెద్దలకూ కృతజ్ఞతలు. హంద్రీ గారు చెప్పినట్టు డీఎస్‌ఆర్ పెట్టి చూశాను. వాలరెంట్‌లో 1080పీ దగ్గర 200 ఫ్రేములకు అటూ ఇటూగా వచ్చేవి 1440పీలో 130కి దిగాయి, అప్పుడు జీపీయూ వాడకం 98 శాతం చూపించింది. సైబర్‌పంక్‌లో మీడియం సెట్టింగులతో 1080పీలో 35 వరకు వచ్చేవి 1440పీలో 20 కూడా నిలకడగా రాలేదు. కార్డు మెమొరీ 4 జీబీ పూర్తిగా నిండిపోయి, వాహనం వేగంగా నడిపినప్పుడల్లా బొమ్మ ఆగిపోయింది. ట్యాంకర్ కోసం ఎదురుచూడటం అంటే ఏమిటో కళ్లారా చూశాను.

అన్నయ్యను అడిగితే, కెమెరాలో 10 బిట్ 4:2:2లోనే తీస్తున్నాడట. టైమ్‌లైన్ సాఫీగా కదలక ప్రతి పెళ్లికీ ముందుగా ప్రాక్సీ ఫైళ్లు (ఎడిటింగ్‌కు వాడే తేలికపాటి నకళ్లు) తయారు చేసుకోవడానికే చాలా సమయం పోతోందని చెప్పాడు. కాబట్టి పాలకొండ అన్నగారు చెప్పిన 16 జీబీ 5060 టీఐ వైపు ఇద్దరమూ మొగ్గుతున్నాము. కానీ మానిటర్, పవర్ సప్లై, యూపీఎస్ కూడా కొనాలంటే 70 వేలలో అన్నీ ఇమిడేలా కనిపించడం లేదు. దేన్ని వాయిదా వేయాలి? 8 జీబీ 5060 టీఐ తీసుకుంటే డబ్బు సరిపోతుంది, దానితో సర్దుకోవచ్చా?

పాలకొండ_కడప (కడప):

తమ్ముడూ, మెమొరీ దగ్గర సర్దుకోవద్దు. తర్వాత ర్యామ్ పెంచుకోవచ్చు, యూపీఎస్ మార్చుకోవచ్చు, ఫ్యాన్ అదనంగా బిగించుకోవచ్చు. కార్డు మీది మెమొరీని మాత్రం ఎప్పటికీ పెంచలేము. 4కే టైమ్‌లైన్ మీద నాయిస్ తగ్గించే ఎఫెక్టులు రెండు మూడు వేసినా 8 జీబీ నిండిపోయి ఎక్స్‌పోర్ట్ మధ్యలో ఆగిపోయే ప్రమాదం ఉంది.

మీ పరిస్థితిలో నేనైతే కార్డునూ పవర్ సప్లైనీ ఇప్పుడే కొని, మానిటర్‌ను ఈ సీజన్‌లో వచ్చే మొదటి పెళ్లి బిల్లుతో కొంటాను. కొత్త పవర్ సప్లై లేకుండా కార్డు బిగించడం ప్రమాదం గనుక అది ముందు. యూపీఎస్ విషయంలో, కొత్తది వచ్చేవరకు పవర్ లిమిట్ తగ్గించి, కరెంటు నిలకడగా ఉండే వేళల్లో ఎక్స్‌పోర్ట్ పెట్టుకోండి. అప్పటిదాకా పాత 1080పీ తెర మీద ఆ కార్డుకు చేతినిండా పని ఉండదు నిజమే, కానీ అన్నయ్యకు ప్రాక్సీల బాధ మొదటి రోజే తగ్గుతుంది, సంపాదించిపెట్టే పని అదే కదా.

హంద్రీ_తీరం (కర్నూలు):

నేను చెప్పింది మానిటర్‌ను ముందు నిర్ణయించుకోమని. ఆ నిర్ణయం ఇప్పుడు జరిగిపోయింది కాబట్టి కొనుగోలులో కార్డు ముందు వచ్చినా నష్టం లేదు. పాలకొండ గారి క్రమమే బాగుంది. మీ పరీక్ష ఫలితాలు కూడా దానికే ఒప్పుకుంటున్నాయి: రెండు ఆటల్లోనూ భారం కార్డు మీదే ఉంది. 1440పీలో ఐ5-12400ఎఫ్ ఈ తరగతి కార్డుకు బాగానే జోడీ అవుతుంది, ప్రాసెసర్‌ను కదిలించనక్కరలేదు.

కొనడానికి బెంగళూరు ఎస్పీ రోడ్డుకు వెళ్లినా, అనంతపురంలోనే తెప్పించుకున్నా, ధరలు వారం వారం మారుతుంటాయి గనుక ఒకే రోజు రెండు మూడు చోట్ల అడిగి పోల్చుకోండి. జీఎస్‌టీ బిల్లు లేకుండా ధర తగ్గిస్తామంటే ఒప్పుకోవద్దు. బిల్లు మీద సీరియల్ నంబరు రాయించండి, కార్డు మీది నంబరుతో, పెట్టె మీది నంబరుతో అక్కడే సరిచూసుకోండి. వారంటీ మరమ్మతుకు కార్డును మీరే కొరియర్‌లో పంపాలా, దుకాణంవారు తీసుకుంటారా అన్నది కూడా డబ్బు చెల్లించే ముందే అడగండి.

బిగించే ముందు కేబినెట్ లోపల కార్డు పొడవుకు చోటు ఉందో లేదో టేపుతో కొలవండి. కేబినెట్ వివరాల్లో ఇచ్చే కొలత ముందు ఫ్యాన్ లేనప్పటిది కావచ్చు. మానిటర్ వచ్చాక దాన్ని పాత హెచ్‌డీఎంఐ తీగతో కలపవద్దు. పెట్టెలో వచ్చే డిస్‌ప్లేపోర్ట్ తీగను వాడండి, దాన్ని మదర్‌బోర్డు వెనుక కాకుండా కార్డుకే గుచ్చండి. ఆ తర్వాత విండోస్ డిస్‌ప్లే సెట్టింగుల్లోకి వెళ్లి అడ్వాన్స్‌డ్ డిస్‌ప్లేలో రిఫ్రెష్ రేటును 165కు మార్చండి. కొత్త తెరను విండోస్ చాలాసార్లు 60 హెర్ట్జ్ దగ్గరే ఉంచేస్తుంది, అది మార్చకుండా నెలల తరబడి వాడుతున్నవారిని చూశాను. తెర మెనూలో ఫ్రీసింక్‌ను, ఎన్విడియా కంట్రోల్ ప్యానెల్‌లో జీసింక్‌ను (ఫ్రీసింక్ వంటి ఎన్విడియా పద్ధతిని) విడివిడిగా ఆన్ చేయాలి. డీఎస్‌ఆర్‌ను మాత్రం అప్పుడు తీసేయండి, లేకపోతే కొన్ని ఆటలు తెర కంటే పెద్ద రిజల్యూషన్‌ను తామే ఎంచుకుని కార్డు మీద అనవసరపు భారం వేస్తాయి.